పంటకాలం కన్నా వేగంగా మారే సుంకం

క్రిస్మస్ దినాల్లో లూకా సువార్త రెండో అధ్యాయం చదవని సంఘం ఉండదు. రోములో కూర్చున్న కైసరు ఔగుస్తు ఒక ఆజ్ఞ ఇస్తాడు. ఎక్కడో గలిలయలోని నజరేతులో ఉన్న ఒక వడ్రంగి, నిండు గర్భిణిని వెంటబెట్టుకుని బేత్లెహేముకు ప్రయాణం కట్టాల్సి వస్తుంది. ఆనాటి ప్రజాసంఖ్య పన్నుల లెక్క కోసమే. ఆ ఆజ్ఞ గురించి నజరేతు వాళ్లను ఎవరూ అడగలేదు. అడిగే పద్ధతి కూడా అప్పుడు లేదు.

ఈ ఏడాది ఆ భాగం చదువుతుంటే మాకు మన తీరంలోని రొయ్యల చెరువులు గుర్తుకొస్తున్నాయి. భీమవరం, కైకలూరు, కాకినాడ, నెల్లూరు ప్రాంతాల సంఘాల్లో చెరువు యజమానులు కొందరే. లీజుకు తీసుకుని సాగు చేసే చిన్న రైతులు, రాత్రంతా ఏరేటర్లు కనిపెట్టుకుని ఉండే కాపలాదారులు, పట్టుబడికి వెళ్లే కూలీలు, ప్రాసెసింగ్ ప్లాంట్లలో రొయ్యల తలలు తీసి పొట్టు ఒలిచే అక్కచెల్లెళ్లు ఎక్కువ. వాళ్లలో చాలామంది వాషింగ్టన్ అనే మాట 2025లోనే మొదటిసారి తమ ప్రార్థన మనవుల్లో చేర్చారు.

జరిగింది క్లుప్తంగా ఇది. 2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ దాదాపు ప్రపంచ దేశాలన్నిటి సరుకులపైనా సుంకాలు ప్రకటించారు. ఏప్రిల్ 5 నుంచి 10 శాతం అమల్లోకి వచ్చింది. ఆగస్టు 7న మన దేశపు సరుకులపై అది 25 శాతం అయింది. రష్యా నుంచి చమురు కొంటున్నందుకు మరో 25 శాతం కలిపి ఆగస్టు 27 నుంచి 50 శాతం చేశారు. రొయ్యలపై ముందునుంచీ ఉన్న యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు కూడా కలిపితే మొత్తం 58 శాతం దాటింది. మనతో పోటీపడే ఈక్వెడార్ రొయ్యపై అప్పుడు కొత్తగా వేసిన సుంకం 15 శాతమే.

వనామీ పిల్లను చెరువులో వదిలిన దగ్గర నుంచి పట్టుబడి వరకు మూడు నాలుగు నెలలు పడుతుంది. మే నెలాఖరులో పిల్ల వదిలిన రైతు 10 శాతం సుంకం లెక్కన మేతకు అప్పు చేశాడు. సెప్టెంబరులో వల వేసేనాటికి అది 50 శాతం. ఒక్క పంట చెరువులో ఉండగానే లెక్క రెండుసార్లు మారిపోయింది. 2024-25లో మన దేశం 7.45 బిలియన్ డాలర్ల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేస్తే, అందులో సుమారు 2.7 బిలియన్ డాలర్ల సరుకు కొన్నది అమెరికాయే. అమెరికాకు వెళ్లే రొయ్యల్లో అధికభాగం ఆంధ్రప్రదేశ్‌దే. సెప్టెంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కేంద్రానికి రాసిన లేఖలో నష్టాన్ని 25,000 కోట్ల రూపాయలుగా అంచనా వేశారు.

సుంకాలు మంచివా చెడ్డవా అన్న వాదన చాలా పత్రికల్లో వచ్చింది. మేము ఇక్కడ వేరే ప్రశ్న అడగదలచుకున్నాం. ఆ సుంకం వేసే హక్కు అసలు ఎవరిది? ఒక్క మనిషి సంతకంతో అంత పని జరగడానికి అమెరికా చట్టం ఎలా ఒప్పుకుంది? దాన్ని తిరిగి కట్టడి చేయాలని అక్కడి చట్టసభలో జరుగుతున్న ప్రయత్నం ఎంతవరకు వచ్చింది? ఈ ప్రశ్న చివరికి మన ఢిల్లీ వరకూ వస్తుంది కాబట్టి పాఠకులు కొంచెం ఓపిక పట్టాలి.

చేతులారా ఇచ్చేసిన అధికారం

అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం ఎనిమిదో సెక్షను పన్నులు, సుంకాలు వేసే అధికారాన్నీ, విదేశీ వర్తకాన్ని నియంత్రించే అధికారాన్నీ కాంగ్రెస్‌కు, అంటే అక్కడి చట్టసభకు ఇచ్చింది. అధ్యక్షుడికి ఇవ్వలేదు. తమను అడగకుండా ఇంగ్లండు పన్నులు వేసిందన్న కోపంతో పుట్టిన దేశం అది. అందుకే ఆ విషయంలో వాళ్లు జాగ్రత్త పడ్డారు.

ఆ అధికారాన్ని అధ్యక్షులు లాక్కోలేదు. చట్టసభే విడతలవారీగా అప్పగించింది. 1930లో కాంగ్రెస్ స్మూట్-హాలీ చట్టం చేసింది. అది మొదట రైతులను ఆదుకోవాలన్న పేరుతో మొదలైన బిల్లు. సభ్యులు తమ తమ ప్రాంతాల సరుకులన్నీ ఒక్కొక్కటిగా అందులో చేర్చారు. వెయ్యి మందికి పైగా ఆర్థికవేత్తలు వద్దని విన్నవించినా అధ్యక్షుడు హూవర్ జూన్ 17న సంతకం చేశారు. కెనడా, ఐరోపా దేశాలు ఎదురు సుంకాలు వేశాయి. అప్పటికే ధరలు పడిపోయి కుంగిన అమెరికా రైతుకు ఎగుమతులూ పోయాయి. ఆ అనుభవంతో 1934లో కాంగ్రెస్ ఇతర దేశాలతో ఒప్పందాలు చేసుకునే అధికారాన్ని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు ఇచ్చింది. అయితే ఉన్న సుంకాన్ని సగానికి మించి మార్చకూడదనీ, మూడేళ్లే గడువనీ హద్దులు పెట్టింది.

1962 నాటి చట్టం 232వ సెక్షను దేశ భద్రత పేరుతో సుంకాలు వేసే వీలిచ్చింది. 1971లో నిక్సన్ దిగుమతులపై 10 శాతం అదనపు సుంకం వేసి కొన్ని నెలలు నడిపారు. దాని తర్వాత 1974లో వచ్చిన చట్టంలో 122వ సెక్షను చేర్చారు. విదేశీ చెల్లింపుల చిక్కు వస్తే అధ్యక్షుడు 15 శాతం వరకు, 150 రోజుల వరకు సుంకం వేయవచ్చు, ఆపైన కాంగ్రెస్ చట్టం కావాలి అని అందులో ఉంది. అధికారం ఇచ్చినా, ఎంత, ఎన్నాళ్లు అన్నది రాసిపెట్టారు.

2025లో ఈ సుంకాలకు ట్రంప్ వాడుకున్నది వీటిలో ఏదీ కాదు. 1977 నాటి అంతర్జాతీయ అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం. శత్రుదేశాల ఆస్తులు స్తంభింపజేయడానికి, లావాదేవీలు ఆపడానికి దాన్ని వాడుతూ వచ్చారు. అందులో దిగుమతులను నియంత్రించవచ్చు అని ఉంది గానీ, సుంకం అన్న మాట ఎక్కడా లేదు. ఎంత శాతం వరకు, ఎన్ని రోజుల వరకు అన్న హద్దులూ లేవు. జాతీయ అత్యవసర పరిస్థితి అని ప్రకటిస్తే చాలు. మన రొయ్యపై రెండో 25 శాతం పడింది ఉక్రెయిన్ యుద్ధం వల్ల ఏర్పడిన అత్యవసర పరిస్థితి కింద. ఆ యుద్ధానికీ కైకలూరు చెరువుకూ ఉన్న సంబంధం ఏమిటో ఆ రైతుకు చెప్పగలిగినవాడు లేడు.

ఇలాంటి అత్యవసర పరిస్థితిని కాంగ్రెస్ రద్దు చేయలేదా? 1976 నాటి చట్టంలో ఆ వీలు పెట్టారు. ఉభయసభలూ తీర్మానిస్తే చాలు, అధ్యక్షుడి సంతకం అక్కర్లేదు అన్నారు. కానీ 1983లో అమెరికా సుప్రీంకోర్టు వేరొక కేసులో, అధ్యక్షుడి ముందుకు వెళ్లని అలాంటి తీర్మానాలు చెల్లవని తీర్పు ఇచ్చింది. దాంతో 1985లో చట్టం మార్చారు. ఇప్పుడు రద్దు తీర్మానం మీద అధ్యక్షుడే సంతకం చేయాలి. ఆయన వీటో చేస్తే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి. అత్యవసర పరిస్థితి పెట్టడానికి ఒక్కడు చాలు. తీయడానికి మాత్రం ఉభయసభల్లో మూడింట రెండు వంతులమంది కావాలి. తలకిందులైన ఈ లెక్కే అసలు చిక్కు.

ఇద్దరు సెనేటర్ల బిల్లు

ఈ లెక్కను సరిచేయాలని 2025 ఏప్రిల్ 3న ఇద్దరు సెనేటర్లు ఒక బిల్లు తెచ్చారు. ఒకరు అయోవాకు చెందిన చక్ గ్రాస్లీ, అధ్యక్షుడి సొంత పార్టీ రిపబ్లికన్. తొంభై దాటిన వయసు, స్వయంగా వ్యవసాయ కుటుంబం. మరొకరు వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన డెమోక్రాట్ మరియా కాంట్‌వెల్. ప్రతినిధుల సభలో అలాంటిదే నెబ్రాస్కా రిపబ్లికన్ డాన్ బేకన్ తెచ్చారు. ముగ్గురివీ వ్యవసాయం మీద ఆధారపడిన రాష్ట్రాలే కావడం కాకతాళీయం కాదు.

బిల్లు సారాంశం సులువు. కొత్త సుంకం వేసినా, ఉన్నది పెంచినా అధ్యక్షుడు 48 గంటల్లో కాంగ్రెస్‌కు తెలపాలి. ఎందుకు వేశారో, దేశంలోని వ్యాపారాలపైనా కొనుగోలుదారులపైనా దాని ప్రభావం ఏమిటో రాసి ఇవ్వాలి. 60 రోజుల్లో కాంగ్రెస్ ఆమోదిస్తే సుంకం నిలుస్తుంది, లేకపోతే దానంతట అదే పోతుంది. ఈలోగా ఎప్పుడైనా తిరస్కరించవచ్చు కూడా. యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలకు ఇది వర్తించదు.

ఇందులో గమనించాల్సిన మలుపు ఒకటుంది. ఇప్పుడు చట్టసభ మౌనంగా ఉంటే సుంకం కొనసాగుతుంది. ఈ బిల్లు వస్తే చట్టసభ మౌనంగా ఉంటే సుంకం ఆగిపోతుంది. అంటే ప్రతి సభ్యుడూ తన పేరుతో ఓటు వేసి, తన రైతు ముందు నిలబడి జవాబు చెప్పాల్సి వస్తుంది.

వ్యవసాయ రాష్ట్రాలకే ఈ తొందర ఎందుకో వాళ్ల పంట లెక్కలే చెబుతాయి. సుంకాల తగాదా ఏ సరుకుతో మొదలైనా దెబ్బ మొదట పంట మీదే పడుతుంది. అవతలి దేశం ఎదురు సుంకానికి ఎంచుకునేది పంటనే. 2018లో ట్రంప్ తొలి పాలనలో చైనా సరుకులపై సుంకాలు వేస్తే, చైనా అమెరికా సోయాపై 25 శాతం వేసింది. నష్టపోయిన రైతులకు పరిహారంగా ఆ ప్రభుత్వం 2018లో 12 బిలియన్, 2019లో 16 బిలియన్ డాలర్ల పథకాలు ప్రకటించాల్సి వచ్చింది. ఉక్కు, అల్యూమినియంపై సుంకం వేసినందుకు 2019లో మన దేశమే అమెరికా ఆపిల్, బాదం, శనగ, మసూరి పప్పులపై అదనపు సుంకం వేసింది. వాషింగ్టన్ రాష్ట్రపు ఆపిల్ తోటలకు మన మార్కెట్ దాదాపు మూసుకుపోయింది. ఆ అదనపు సుంకం 2023లో గానీ పోలేదు. కాంట్‌వెల్ ఈ బిల్లు మీద సంతకం పెట్టడం వెనుక ఆ తోటల కథ ఉంది. ఉక్కుతో సంబంధం లేని ఆపిల్ రైతు, చమురుతో సంబంధం లేని రొయ్య రైతు ఒకే బాధ పడ్డారు.

2025లోనూ అదే జరిగింది. వేసవి నుంచి చైనా అమెరికా సోయా కొనడం ఆపేసింది. సెప్టెంబరులో ఒక్క గింజా దిగుమతి చేసుకోలేదు. అక్టోబరు 30న ఇద్దరు నాయకులు కలిశాక కొనుగోళ్లకు ఒప్పుకుంది. 2025 డిసెంబరు 8న ట్రంప్ రైతులకు మళ్లీ 12 బిలియన్ డాలర్ల సాయం ప్రకటించారు. సుంకం వేయడం, మార్కెట్ పోవడం, సాయం ఇవ్వడం, ఈ మూడూ ఒకే చేతిలో ఉన్నాయి. అలాంటప్పుడు రైతు పంట మీద కాక పాలకుడి దయ మీద బతకాల్సి వస్తుంది. మన చెరువు రైతుకు ఆ సాయం కూడా లేదు.

దినము దినము కాదన్నారు

మరి బిల్లు ఏమైంది? వీటో చేస్తామని అధ్యక్ష భవనం ముందే చెప్పింది. బిల్లు ముందుకు కదలలేదు. రద్దు తీర్మానాల విషయంలో సెనేట్ కొంత ధైర్యం చూపింది. కెనడాపై సుంకాలకు ఆధారమైన అత్యవసర పరిస్థితిని రద్దు చేయాలని ఏప్రిల్ 2న 51-48 ఓట్లతో తీర్మానించింది. ప్రపంచ సుంకాలపై ఏప్రిల్ 30న ఓట్లు 49-49గా సమానమై తీర్మానం వీగిపోయింది. అక్టోబరు చివరి వారంలో వరుసగా మూడు రోజులు మూడు తీర్మానాలు నెగ్గాయి. బ్రెజిల్‌పై 52-48, కెనడాపై 50-46, ప్రపంచ సుంకాలపై 51-47. అధ్యక్షుడి పార్టీవారే కొందరు ఎదురు ఓటు వేశారు.

ప్రతినిధుల సభ మాత్రం తలుపు వేసుకుంది. చట్టం ప్రకారం ఇలాంటి తీర్మానం వచ్చిన కొన్ని దినాల్లో ఓటింగు జరపాలి. దాన్ని తప్పించుకోవడానికి మార్చి నెలలో ఆ సభ ఒక నియమం చేసింది. ఫిబ్రవరి 1న ప్రకటించిన ఆ అత్యవసర పరిస్థితి విషయంలో, ఈ సమావేశ కాలంలో మిగిలిన ఏ దినాన్నీ దినంగా లెక్కించకూడదు అన్నది ఆ నియమం. ఏప్రిల్‌లో ప్రపంచ సుంకాల విషయంలోనూ అలాంటిదే చేసి, తర్వాత పొడిగించారు. యెహోషువ కోసం సూర్యుడు ఒక్కరోజు ఆగాడని మనం చదువుకున్నాం. ఆ సభలో నెలల తరబడి ఆపారు, అదీ ఓటు వేయకుండా ఉండేందుకు.

మాకు బాగా బాధ కలిగించింది ఇదే. బలవంతుడైన పాలకుడు తన హద్దు దాటాలని చూడటం లోకంలో కొత్త కాదు. హద్దు కాయాల్సినవాళ్లు తమంతట తామే కళ్లు మూసుకోవడం అంతకన్నా ప్రమాదం. ఓటు వేస్తే పార్టీ పెద్దకు కోపం, వేయకపోతే నియోజకవర్గంలోని రైతుకు కోపం. అందుకే అసలు ఓటే రాకుండా చూసుకున్నారు.

2025 డిసెంబరు 12న మన దేశంపై సుంకాలకు ఆధారమైన అత్యవసర పరిస్థితిని రద్దు చేయాలని డెబొరా రాస్, మార్క్ వీసీ, రాజా కృష్ణమూర్తి అనే ముగ్గురు సభ్యులు అదే సభలో తీర్మానం పెట్టారు. మంచిదే. కానీ పై సంగతులు తెలిసినవారెవరూ దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోరు.

చట్టసభ చేయని పని కోర్టుల ముందుకు వెళ్లింది. బొమ్మలు, వైన్ దిగుమతి చేసుకునే చిన్న వ్యాపారులు, పన్నెండు రాష్ట్రాలు దావాలు వేశాయి. అంతర్జాతీయ వర్తక న్యాయస్థానం మే 28న ఈ సుంకాలు చట్టవిరుద్ధమన్నది. అప్పీలు కోర్టు ఆగస్టు 29న 7-4 మెజారిటీతో అదే మాట చెప్పింది. 2025 నవంబరు 5న సుప్రీంకోర్టు వాదనలు విన్నది. అయితే కోర్టు తీర్పు ఎలా ఉన్నా 232, 122, 301 వంటి సెక్షన్లు అలాగే ఉంటాయి. కోర్టు ఒక చట్టానికి అర్థం చెప్పగలదు గానీ, చట్టసభ వదిలేసిన పనిని దాని బదులు చేయలేదు.

అధ్యక్షుడు తానే కొంత వెనక్కి తగ్గారు కూడా. ధరల మీద ప్రజలు విసుగెత్తడంతో నవంబరు 14న కాఫీ, టీ, అరటి, గొడ్డుమాంసం, మసాలా దినుసుల వంటివాటిని మినహాయించారు. మన మసాలా దినుసులకు అది మేలే. రొయ్య మాత్రం ఆ జాబితాలో లేదు. ఒక సంతకంతో వచ్చిన ఊరట మరో సంతకంతో పోవచ్చన్నది మరచిపోకూడదు.

చట్టసభ అంటే దేవదూతల సభ కాదు

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న వస్తుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. చట్టసభకే అధికారం ఇస్తే మన రైతుకు మేలు జరుగుతుందా? జరగకపోవచ్చు. స్మూట్-హాలీ చేసింది చట్టసభే. లూసియానా సెనేటర్ బిల్ కాసిడీ మన రొయ్యలపైనే ప్రత్యేకంగా సుంకం వేయాలని ఒక బిల్లు తెచ్చారు. దాని వెనుక మెక్సికో సింధుశాఖలో పడవలేసుకుని రొయ్యలు పట్టే కుటుంబాలు ఉన్నాయి. చౌకగా వచ్చే చెరువు రొయ్యతో తమ బతుకు పోతోందని వాళ్లు ఏళ్లుగా మొరపెడుతున్నారు, ఈ సుంకాలను వాళ్ల సంఘం ఆహ్వానించింది. వాళ్లూ వల వేసి బతికేవాళ్లే. వాళ్ల ఆదివారపు ప్రార్థన మన ప్రార్థనకు ఎదురుగా ఉండవచ్చు. ఇద్దరి మొరా వినేవాడు ఒక్కడే.

అయినా తేడా ఉంది. బిల్లు అయితే ముందు పేరు పెట్టి బయటపడుతుంది. కమిటీకి వెళ్తుంది. ఎదుటివారు వాదించవచ్చు. కాసిడీ బిల్లులో కూడా సుంకాన్ని మూడేళ్లలో మెట్లుమెట్లుగా పెంచాలని ఉంది. మూడేళ్లు గడువు ఉంటే మన రైతు పిల్ల వేయడం తగ్గించుకోవచ్చు, వేరే దేశం కౌంటుకు తగ్గట్టు సాగు మార్చుకోవచ్చు, ఎగుమతిదారుడు వేరే మార్కెట్ వెతుక్కోవచ్చు. ఇరవై రోజుల్లో 25 శాతం 50 శాతం అయితే ఆ పనులేవీ చేయలేడు. చట్టసభ నిదానంగా కదులుతుందని మనం విసుక్కుంటాం. పొలం, చెరువు నమ్ముకున్నవాడికి ఆ నిదానమే రక్షణ. విత్తనం వేసిన రోజు ఉన్న నియమం కోత రోజూ ఉంటుందన్న భరోసా లేకపోతే సాగు జూదమవుతుంది.

మన ఇంటి సంగతి

అమెరికా గురించి ఇంత రాసి మన దేశం గురించి ఊరుకుంటే అది దూలాన్ని వదిలి నలుసును చూడటమే.

మన రాజ్యాంగం 265వ అధికరణం చట్టం ఆధారం లేకుండా ఏ పన్నూ వేయకూడదంటుంది. 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం 8ఏ సెక్షను కింద అత్యవసరమైతే కేంద్రం నోటిఫికేషన్‌తో దిగుమతి సుంకం పెంచవచ్చు. కానీ దాన్ని పార్లమెంటు ముందు ఉంచాలి, అలా ఉంచిన పదిహేను రోజుల్లో ఆమోదం కోరుతూ తీర్మానం ప్రవేశపెట్టాలి. గ్రాస్లీ అడుగుతున్నదానికి దగ్గరి ఏర్పాటు మనకు ముందే ఉందన్నమాట. ఇది సంతోషించాల్సిన విషయం.

అయితే ఆ కాపలా సుంకం పెంచేటప్పుడే. తగ్గించడానికి, మినహాయించడానికి 1962 నాటి కస్టమ్స్ చట్టం 25వ సెక్షను కింద నోటిఫికేషన్ చాలు. దాన్నీ సభల ముందు ఉంచుతారు, కావాలంటే ముప్ఫై రోజుల్లో మార్చవచ్చు. కానీ ఆమోదం అడగాల్సిన పని లేదు. సభ మౌనంగా ఉంటే అది నిలుస్తుంది. పన్ను కట్టేవాడిని కాపాడటానికి చేసిన నియమం ఇది. రైతుకు దెబ్బ తగిలేది మాత్రం తరచుగా సుంకం తగ్గినప్పుడే.

2025లో పత్తి సంగతే చూద్దాం. అమెరికా సుంకాలతో మన వస్త్ర పరిశ్రమ దెబ్బతింటోందన్న ఆందోళన నడుమ, విదేశీ పత్తిపై ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని కేంద్రం ఆగస్టు 19 నుంచి ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 వరకన్నారు, పది రోజులు తిరగకముందే డిసెంబరు 31 వరకు పొడిగించారు. ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు ప్రాంతాల్లో పత్తి తీసి మార్కెట్‌కు తెచ్చే నెలలు సరిగ్గా ఇవే. పొడవు పింజ పత్తికి క్వింటాలు 8,110 రూపాయల మద్దతు ధర ప్రకటించారు గానీ, తేమ ఎక్కువుందని వెనక్కి పంపిన బండిలోని పత్తిని ప్రైవేటు వ్యాపారికి ఎంతకు అమ్ముకోవాలో రైతుకే తెలుసు. వాషింగ్టన్‌లో ఒక సంతకం, ఢిల్లీలో ఒక నోటిఫికేషన్, ఆ రెంటికీ చివర ఆదిలాబాద్ రైతు. రెండు చోట్లా ఓటింగు జరగలేదు.

ముడి పామాయిల్ సుంకం 2024 సెప్టెంబరులో సున్నా నుంచి 20 శాతానికి పెరిగింది, 2025 మే 30న 10 శాతానికి తగ్గింది. ఏలూరు, ఖమ్మం జిల్లాల్లో ఆయిల్‌పామ్ మొక్క నాటితే గెల చేతికి రావడానికి నాలుగేళ్లు పడుతుంది. తొమ్మిది నెలల్లో రెండుసార్లు మారే సుంకాన్ని చూసి నాలుగేళ్ల పంట ఎలా పెట్టాలి? పసుపు బఠాణీని 2023 డిసెంబరు నుంచి గడువు మీద గడువు పొడిగిస్తూ సుంకం లేకుండా రానిచ్చారు, 2025 నవంబరు 1 నుంచి 30 శాతం వేశారు. తాండూరు కంది రైతు ఈ రెండేళ్లూ ఆ గడువుల వంకే చూస్తూ గడిపాడు.

నూనె ధర తగ్గితే సంతోషించే పేద కుటుంబాలు మన సంఘాల్లో ఉన్నాయని మేము మరచిపోలేదు. వస్త్ర మిల్లులో పనిచేసేవాడికి చౌక పత్తి వల్లే పని నిలవవచ్చు. సుంకం తగ్గించడం తప్పని మా వాదన కాదు. ఎవరి పళ్లెంలోంచి తీసి ఎవరికి పెడుతున్నామో నలుగురి ఎదుట చెప్పి, ఓటు వేసి చేయాలన్నదే మా మనవి. వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉంది, విదేశీ వర్తకం, కస్టమ్స్ కేంద్రం జాబితాలో ఉన్నాయి. రైతు అప్పుకు జవాబు చెప్పేది ఒక ప్రభుత్వం, ఆ అప్పు పెరిగేలా సుంకం మార్చేది మరో ప్రభుత్వం. అందుకే పార్లమెంటు నోరు విప్పడం మరింత అవసరం.

వర్తక ఒప్పందాల సంగతీ అంతే. విదేశాలతో చేసే ఒప్పందాలకు ముందుగా పార్లమెంటు ఆమోదం తీసుకోవాలన్న నియమం మనకు లేదు. 2025 జూలైలో బ్రిటన్‌తో ఒప్పందం అలాగే జరిగింది. 2025లో అమెరికాతో చర్చలు సాగాయి, వాళ్లు అడిగినవాటిలో పంటలు, పాల ఉత్పత్తులు ఉన్నాయి. రొయ్యకు ఊరట తెచ్చుకోవడానికి మొక్కజొన్ననో పాలనో ఇచ్చుకుంటే, ఆ బేరం సంగతి పాడి గేదె ఉన్న విధవరాలికి సంతకం అయ్యాక తెలియకూడదు.

రాజుకు హద్దు

సమూయేలు మొదటి గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో రాజు కావాలన్న ప్రజలకు ప్రవక్త ఇచ్చిన హెచ్చరికలో పొలాల గురించీ, పంటలో పదో వంతు గురించీ ఉంది. ద్వితీయోపదేశకాండం పదిహేడో అధ్యాయం రాజు సింహాసనం ఎక్కగానే ధర్మశాస్త్ర ప్రతిని రాయించుకుని రోజూ చదవాలంటుంది, తన సహోదరులకన్నా తాను గొప్పవాడినని విర్రవీగకుండా. రెహబాము పెద్దల ఆలోచన తోసివేసి కాడి బరువు పెంచినప్పుడు రాజ్యమే చీలిపోయింది. దేవుని వాక్యం రాజును గౌరవించమన్నది, కానీ హద్దు లేని రాజును ఎక్కడా మెచ్చుకోలేదు.

మన ప్రసంగ వేదికల నుంచి ఈ విషయంలో రెండు రకాల మాటలు వింటున్నాం. అమెరికా అధ్యక్షుడు క్రైస్తవుల పక్షాన ఉన్నాడు కాబట్టి ఆయన్ని ఏమీ అనకూడదనేవారు కొందరు. ఆయన్ని తిట్టడమే దేశభక్తి అనుకునేవారు మరికొందరు. రెండూ మనకు తగవు. మనకు నచ్చిన పాలకుడి చేతిలో పెట్టిన హద్దులేని అధికారం రేపు నచ్చనివాడి చేతికి అలాగే వెళ్తుంది. హద్దు అనేది మనిషిని బట్టి కాదు, ఆ పదవిని బట్టి ఉండాలి. అక్కడ గ్రాస్లీ తన పార్టీ అధ్యక్షుడున్నప్పుడే ఆ బిల్లు తేవడంలో మేము మెచ్చుకునేది అదే.

మేము అడిగేవి మూడు. ప్రధాన పంటలపై సుంకం తగ్గింపులకూ, మినహాయింపులకూ పెంపులకు ఉన్నట్టే పార్లమెంటు ఆమోదం తప్పనిసరి చేయాలి. అలాంటి ప్రతి నోటిఫికేషన్‌తో పాటు రైతుపైనా కొనుగోలుదారుపైనా ప్రభావం ఏమిటో రాసి ఇవ్వాలి. వ్యవసాయాన్ని తాకే వర్తక ఒప్పందాలను సంతకానికి ముందే పార్లమెంటు స్థాయీసంఘం పరిశీలించాలి. ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది లోక్‌సభలో ఉన్నారు. క్రిస్మస్ వేడుకలకు మన చర్చిలకు వచ్చే నాయకుల్లో వాళ్లూ ఉంటారు. కేకు కోయించి పంపేయకుండా, పత్తి సుంకం గురించి సభలో ఏం అడిగారని ఒక్క మాట మర్యాదగా అడగండి.

డాలస్, న్యూజెర్సీ, చికాగోల్లోని తెలుగు సంఘాల్లో అక్కడి పౌరులైనవారు చాలామంది ఉన్నారు. మీ ప్రతినిధికి ఒక ఉత్తరం రాయడం మీకు ఆ దేశం ఇచ్చిన హక్కు. ఓటు నుంచి తప్పించుకోవద్దు, అటో ఇటో వేయండి అని అడగండి చాలు.

ఇక తీరప్రాంత సంఘాల కాపరులకు ఒక మాట. షిఫ్టులు తగ్గిన ఇళ్లలో ఈ క్రిస్మస్‌కు కొత్త బట్టలు ఉండకపోవచ్చు. కానుకల పళ్లెం ఆ ఇళ్ల ముందు నుంచి వెళ్లేటప్పుడు కాస్త వేగంగా వెళ్లనివ్వండి. సంఘ పేదల నిధి ఉంటే దాన్ని ఈ నెలలోనే తీయండి. సంక్రాంతి తర్వాత కొత్త పంటకు పిల్ల వేయాలా వద్దా అని చాలామంది చెరువుగట్టున కూర్చుని ఆలోచిస్తున్నారు. వాళ్లకు మనం సుంకం శాతం చెప్పలేం. పక్కన కూర్చోగలం.